పువ్వులోని మకరందాన్ని ఫీల్డులో కొలవడం: పాలమూరు, నల్గొండ వైపు పనిచేసేవాళ్ల కోసం

మకరందం కూర్పు కొలవాలనుకునే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పిల్లలు ముందుగా అడిగేది ల్యాబు గురించే. హెచ్‌పీఎల్‌సీ (ఏ చక్కెర ఎంతుందో విడదీసి చూపించే మిషన్) ఎక్కడుంది, ఒక్కో శాంపిల్‌కి ఎంత తీసుకుంటారు, రిపోర్టు ఎన్ని రోజులకు వస్తుంది అని. ఇవన్నీ కావాల్సినవే కానీ మీ డేటా నిలబడేదీ పాడయ్యేదీ చెట్టు దగ్గరే. ఏ వయసు పువ్వులోంచి తీశారు, ఎన్ని గంటలకు తీశారు, గొట్టం మొనకి పుప్పొడి అంటుకుందా, తీసిన శాంపిల్‌ని సాయంత్రం దాకా బ్యాగులో పెట్టుకుని ఎండలో తిరిగారా, ఇవి చూసుకోకపోతే హైదరాబాద్‌లో ఎంత ఖరీదైన మిషన్ మీద పెట్టినా లాభం లేదు. దాని దగ్గరికి చేరిన చుక్కలో ఏముందో మిషన్ చెబుతుంది, పొద్దున పువ్వులో ఏముండిందో చెప్పలేదు. అందుకే ఇక్కడ ఎక్కువగా ఫీల్డు పని గురించే రాస్తున్నాను, ల్యాబు సంగతి అవసరమైనంత వరకే.

మకరందంలో ప్రధానంగా ఉండేవి నీళ్లు, మూడు చక్కెరలు: సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్. చాలా కొద్ది మోతాదులో అమైనో ఆమ్లాలు, లవణాలు, ప్రొటీన్లు, కొన్ని పూలలో ఆల్కలాయిడ్లు, ఫినాలిక్స్ కూడా ఉంటాయి. మీకు కావాల్సింది పువ్వుకి ఎంత మకరందం వస్తుందన్న లెక్కా, ఎంత చిక్కగా ఉందన్నదా, ఏ చక్కెర వాటా ఎంత ఉందన్నదా అనేది ముందే తేల్చుకోండి. మొదటి రెండూ చెట్టు కిందే తేలతాయి. మూడోదానికి ల్యాబు తప్పదు, కానీ మొదటి రెండూ రాసుకోకుండా మూడోది ఒక్కటే తెచ్చుకుంటే దాన్నిబట్టి చెప్పగలిగేది చాలా తక్కువ.

చక్కెరల పాళ్లు ఎందుకంత ముఖ్యమంటే, బూరుగు చెట్టు పూసినప్పుడు చూడండి, కాకులు, గోరింకలు, పికిలి పిట్టలు, ఉడతలు అన్నీ దాని మీదే ఉంటాయి. వీటిలో గోరింకల కుటుంబం పక్షులకి సుక్రోజ్‌ని విడగొట్టే ఎంజైమ్ పేగుల్లో ఉండదు. సుక్రోజ్ ఎక్కువున్న మకరందం వాటికి ఒంటబట్టదు, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉన్నదే పనికొస్తుంది. ఇలా అన్ని రకాల పక్షులూ వాలే పూల మకరందం ప్రపంచంలో చాలాచోట్ల పల్చగా, 8 నుంచి 12 శాతం చక్కెరతో, సుక్రోజ్ దాదాపు లేకుండా ఉంటుంది. తేనెపిట్టల్లాంటి ప్రత్యేక పక్షుల కోసం ఉన్న పూలలో 15 నుంచి 25 శాతం, అందులో సుక్రోజ్ సగం అటూఇటూ. అంటే చెట్టు మీద ఏ పిట్ట వాలుతోందో రాసుకున్న మీ పరిశీలనకీ, ల్యాబులో వచ్చే పాళ్లకీ నేరుగా లింకు ఉంది. కాబట్టి పువ్వు మీద వాలేవాటి లెక్కా, మకరందం కొలతా ఒకే చెట్టు మీద, ఒకే వారంలో చేయండి.

ఏ పువ్వు ఎంచుకోవాలి

మన రాష్ట్ర పుష్పం కదా అని తంగేడుతో మొదలుపెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. తంగేడు పువ్వులో మకరందం ఉండదు. అది పుప్పొడి మాత్రమే ఇచ్చే పువ్వు, తేనెటీగల్లో పెద్దవి వచ్చి రెక్కల కండరాలతో జుయ్యిమని అదిలిస్తే పరాగకోశాల కొసనున్న రంధ్రాల్లోంచి పుప్పొడి రాలుతుంది. చీమలు తిరుగుతున్నాయి కదా తీపి ఉండే ఉంటుందని పొరపడకండి, తంగేడు ఆకు ఈనె మీద ఆకుజంటల మధ్య సన్నగా నిలబడి ఉండే గ్రంథులను ముందు చూడండి. ఇలా పువ్వుకి బయట ఉండే మకరంద గ్రంథులు ఆముదం ఆకు కాడల మీద, పత్తి ఆకు కింద నడి ఈనె మీద కూడా ఉంటాయి. పత్తి అయితే పువ్వు లోపల కూడా ఇస్తుంది, రక్షకపత్రాల అడుగున లోపలివైపు. రెండింటినీ ఒకే గొట్టంలో కలపకూడదు, నోట్‌బుక్కులో వేర్వేరుగా రాయాలి. ఇప్పపువ్వు సంగతి ఇంకోరకం. అందులో తీపంతా దళసరిగా ఉన్న రేకులోనే ఉంటుంది, దాన్ని పిండి వచ్చిన రసాన్ని కొలిచి మకరందం అని రాస్తే తప్పు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి మన దగ్గర మోదుగని మించింది లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నల్గొండ నుంచి దేవరకొండ మీదుగా నల్లమల దాకా ఎక్కడ చూసినా ఉంటుంది, ఆకు రాలిపోయి ఉంటుంది కాబట్టి ఏ పువ్వు ఏ రోజు విచ్చిందో తెలుస్తుంది, పువ్వు పెద్దది, చెయ్యి తిరగడానికి బాగుంటుంది. చేను గట్ల మీద నరికితే మళ్లీ చిగిర్చిన పొట్టి చెట్లు దొరుకుతాయి, నిచ్చెన అక్కర్లేదు. మోదుగ మీద చెయ్యి కుదిరాక కంది, కానుగ, బత్తాయి, ఆ తర్వాతే వేపలాంటి చిన్న పూల జోలికి వెళ్లండి.

పని అడవిలో అయితే పర్మిషన్ సంగతి పూతకి చాలా ముందే చూసుకోవాలి. అమ్రాబాద్ టైగర్ రిజర్వు నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది, లోపల పరిశోధన చేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. ఫిబ్రవరిలో మోదుగ కొలవాలంటే వానాకాలంలోనే అప్లికేషన్ పెట్టేయండి. మన్ననూరు వైపు చెంచు పెద్దలెవరినైనా తోడు తీసుకెళ్లి, వాళ్ల రోజు కూలి వాళ్లకి సరిగ్గా ఇవ్వండి. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుంది, కొండ తేనెటీగలు ఏ పూత మీద ఉన్నాయి అన్నది వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. "తాతా, ఈ పువ్వు మీదికి ఈగ పొద్దుగాల వస్తదా, పొద్దుగూకినంక వస్తదా" అని అడిగితే వచ్చే జవాబుతో మీ టైమ్‌టేబుల్ సగం తయారైనట్టే.

సామాన్లు

క్యాపిలరీ గొట్టాలు 1, 5, 10 మైక్రోలీటర్లవి కొనుక్కోండి, పొడవు తెలిసినవి, ఒకే కంపెనీవి. చేతిలో పట్టుకునే రిఫ్రాక్టోమీటర్ ఒకటి, చుక్కలో చక్కెర ఎంత చిక్కగా ఉందో బ్రిక్స్ అనే శాతం లెక్కలో చూపించేది. కొనేటప్పుడు రేంజి చూడండి. ఆన్‌లైన్‌లో తేనె కోసమని చౌకగా దొరికేవి 58 నుంచి 90 బ్రిక్స్ వరకే చూపిస్తాయి, మకరందానికి అవి పనికిరావు. పక్షుల పూలకి 0–32, తేనెటీగల పూలకి ఇంకా పైకి వెళ్లేది కావాలి, ఒక్కటే కొనగలిగితే 0–80 తీసుకోండి, కాకపోతే గీతలు దగ్గరగా ఉంటాయి కాబట్టి చదవడంలో కొంచెం తేడా వస్తుంది. మామూలు రిఫ్రాక్టోమీటర్‌కి పెద్ద చుక్క కావాలి, ఒక మైక్రోలీటరు లోపే చదవగలిగే మోడళ్లు వేరే ఉన్నాయి, డిపార్ట్‌మెంట్‌లో అడిగి చూడండి, ఖరీదెక్కువ కానీ ఈ పనికి దాన్ని మించింది లేదు. ఇంకా కావాల్సినవి: స్కేలు, సన్నటి ఫోర్‌సెప్స్, డిస్టిల్డ్ వాటర్, మెత్తటి టిష్యూ, ఉష్ణోగ్రత–తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్, 1.5 మిల్లీలీటర్ల మూత ట్యూబులు, 70 శాతం ఇథనాల్, ఐస్ బాక్సు, పెన్సిలు. మార్కరు కాదు, పెన్సిలే. ఇథనాల్ ఒక్క చుక్క తగిలినా మార్కరు రాత పోతుంది.

పువ్వుని మూయడానికి సంచులు: పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులు పెట్టి ఇచ్చే ఆర్గంజా సంచులు చక్కగా సరిపోతాయి, తాడు లాగితే మూతి బిగుసుకుంటుంది, హోల్‌సేల్‌గా తెచ్చుకోవచ్చు.

సంచి కట్టడం

సంచి లేకుండా తీసిన మకరందం అంటే, ఈగలూ పిట్టలూ తాగగా ఆ నిమిషానికి మిగిలింది. అది కూడా కొలవాల్సిన విషయమే, పువ్వు దగ్గరికి వచ్చిన జీవికి నిజంగా దొరికేది అదే కాబట్టి. కానీ పువ్వు ఎంత తయారుచేస్తుందో తెలియాలంటే విచ్చకముందే, మొగ్గగా ఉన్నప్పుడే సంచి కట్టి, విచ్చిన టైమ్ రాసుకుని, లెక్కపెట్టిన గంటల తర్వాత తీయాలి. సంచి పువ్వుకి ఆనకుండా వదులుగా ఉండాలి. ఆనితే బట్టే మకరందాన్ని పీల్చేస్తుంది. చీమలు రాకుండా సంచి కింద కొమ్మ చుట్టూ వేజలిన్ పూయండి, లేకపోతే తెల్లారేసరికి సంచిలో చీమలుంటాయి, మకరందం ఉండదు.

సంచిలో గాలి ఆడక తేమ కాస్త పెరుగుతుంది, దానివల్ల లోపలి మకరందం బయటి పువ్వు కంటే పల్చగా ఉండొచ్చు. దీనికి చేయగలిగింది ఒక్కటే, సంచి కట్టినవీ కట్టనివీ రెండూ కొలిచి రెండు వరుసల్లో రాయడం. కొన్ని మొక్కలు తాగకుండా మిగిలిన మకరందాన్ని వెనక్కి పీల్చుకుంటాయి కూడా. అందుకని పొద్దున కట్టి మర్నాడు పొద్దున ఒక్కసారే కొలిచేస్తే సరిపోదు, కనీసం కొన్ని చెట్ల మీద రెండు గంటలకోసారి కొత్త పువ్వు తీసుకుని కొలవండి. తీసిన పువ్వులోంచే మళ్లీ మళ్లీ తీస్తే కొన్ని జాతుల్లో ఇంకా ఎక్కువ ఊరుతుంది. అది వేరే ప్రయోగం, దీంతో కలపొద్దు.

ఎన్ని పూలు అంటే, పూల లెక్క కన్నా చెట్ల లెక్క చూసుకోండి. ఒకే చెట్టు మీద 50 పూలు కొలిచినా అది ఒక చెట్టు కథే. పది చెట్ల మీద ఐదేసి పూలు కొలిస్తే పనికొస్తుంది, అవి కూడా ఒకే గట్టు మీద ఒకే వేరు నుంచి లేచిన పిలకలు కాకుండా చూసుకోండి. మోదుగ విషయంలో ఇది తరచూ జరిగేదే.

గొట్టంతో తీయడం

మోదుగనే తీసుకుందాం. పువ్వుని ఎడమ చేత్తో నల్లగా మఖమల్‌లా ఉండే రక్షకపత్రాల గిన్నె దగ్గర పట్టుకోండి, రేకుల దగ్గర కాదు, రేకులు నలిగితే వాటి రసం కూడా లోపలికి దిగుతుంది. పైకి లేచి ఉండే పెద్ద రేకుని మెల్లగా వెనక్కి వంచండి. లోపల కేసరాలు తొమ్మిది కలిసి గొట్టంలా ఉంటాయి, పదోది విడిగా ఉంటుంది. ఆ విడి కేసరం మొదట్లో, దానికి అటూ ఇటూ రెండు చిన్న సందులు కనిపిస్తాయి. మకరందం ఆ గొట్టం అడుగునే ఉంటుంది, సందుల దగ్గర వెలుతురు పడితే మెరుస్తుంది. క్యాపిలరీ మొనని ఆ సందులోకి పోనిచ్చి, గొట్టాన్ని పడుకోబెట్టినట్టు వంచి పట్టుకుంటే దానంతటదే ఎక్కుతుంది. నెట్టొద్దు, గుచ్చొద్దు. అడుగు కణజాలం చిట్లితే మొక్క రసం వచ్చి కలుస్తుంది, దాని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ వేరు, మీ లెక్కంతా మారిపోతుంది. కేసరాల కొసలని తాకకుండా పక్క నుంచి వెళ్లడం కూడా అందుకే, పుప్పొడిలో అమైనో ఆమ్లాలు ఎక్కువ, నాలుగు రేణువులు పడినా మకరందంలోకి అవి ఊరతాయి. గొట్టంలో పసుపు రంగు కనిపిస్తే ఆ శాంపిల్‌ని పరిమాణం కోసం వాడుకోండి, అమైనో ఆమ్లాల లిస్టులోంచి తీసేయండి.

ఎక్కిన పొడవుని స్కేలు మీద మిల్లీమీటర్లలో కొలవండి. 32 మి.మీ. పొడవుండి 5 మైక్రోలీటర్లు పట్టే గొట్టంలో 8 మి.మీ. ఎక్కితే, 8ని 32తో భాగించి 5తో గుణిస్తే 1.25 మైక్రోలీటర్లు. మధ్యలో గాలి బుడగలుంటే ఒక్కో ముక్క పొడవు విడిగా కొలిచి కలపండి. మకరందం మరీ చిక్కగా ఉంటే, మే నెల మధ్యాహ్నాల్లో ఇలాగే అవుతుంది, క్యాపిలరీలోకి ఎక్కనే ఎక్కదు. అప్పుడు చుక్క నీళ్లతో కడిగి తీసే పద్ధతికి మారాలి, దాని గురించి కింద చెప్తాను.

రిఫ్రాక్టోమీటర్ చదవడం, ఎండ లెక్క

రిఫ్రాక్టోమీటర్ చూపించే బ్రిక్స్ అంటే 100 గ్రాముల ద్రావణంలో ఎన్ని గ్రాముల సుక్రోజ్ అన్నది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉన్నా దాదాపు అంతే చూపిస్తుంది, కాబట్టి మొత్తం చక్కెరకి ఇది బాగానే పనికొస్తుంది, ఏ చక్కెర ఎంత అన్నది మాత్రం దీంతో తెలియదు. రోజూ పొద్దున ఫీల్డులోనే డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచూడండి. బోరు నీళ్లు వాడొద్దు. నల్గొండ బోరు నీళ్లల్లో ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, కరిగిన లవణాలు కూడా చాలాచోట్ల ఎక్కువే, అవి ఆరిపోయాక ప్రిజం మీద తెల్లటి మరక కట్టి, ఆ మరక తర్వాతి శాంపిల్‌లో కరిగి రీడింగ్ పెంచుతుంది. సున్నా ఒక్కటే చాలదు, 20 గ్రాముల పంచదార 80 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే సరిగ్గా 20 బ్రిక్స్ రావాలి. తూకం ల్యాబు బ్యాలెన్స్ మీద వేసుకుని చిన్న సీసాలో తీసుకెళ్లండి, ఏ రోజుకారోజు కొత్తది, ఎందుకంటే మర్నాటికి అది పులియడం మొదలవుతుంది.

ఇక ఎండ. ఈ పరికరాలు 20 డిగ్రీల దగ్గర సరిగ్గా చూపించేలా చేసినవి. ఆటోమేటిక్ టెంపరేచర్ కరెక్షన్ ఉందని రాసి ఉన్నా చాలావాటికి అది 30 డిగ్రీల దాకానే. మన దగ్గర మార్చి మధ్యాహ్నానికే గాలి 35 దాటుతుంది, ఎండలో పెట్టిన లోహం ఇంకా ఎక్కువ. కరెక్షన్ లేని పరికరం 20కి పైన ప్రతి పది డిగ్రీలకి సుమారు ముప్పావు బ్రిక్స్ తక్కువ చూపిస్తుంది, అంటే 40 దగ్గర ఒకటిన్నర తగ్గుతుంది. 10 బ్రిక్స్ ఉన్న పల్చటి మకరందంలో ఒకటిన్నర అంటే చిన్న తేడా కాదు. పరికరాన్ని నీడలో పెట్టండి, ప్రతి రీడింగ్ పక్కన ఉష్ణోగ్రత రాయండి, కరెక్షన్ పట్టికతో ఇంటికొచ్చాక సరిచేసుకోవచ్చు.

గాలి తేమ కూడా రాయమనడం ఇందుకే. ఏప్రిల్ పొద్దున 25 బ్రిక్స్‌తో 10 మైక్రోలీటర్లున్న పువ్వులో మధ్యాహ్నానికి నీళ్లు ఆవిరై 5 మైక్రోలీటర్లే మిగిలితే, చక్కెర కొంచెం కూడా పెరగకుండానే రీడింగ్ 45 దాకా వెళ్తుంది. చిక్కదనం ఒక్కటే చూసినవాళ్లు "మధ్యాహ్నం పువ్వు తీపి పెంచుతోంది" అని రాసేస్తారు. పువ్వుకి ఎన్ని మిల్లీగ్రాముల చక్కెర అన్నది లెక్కిస్తే ఈ గందరగోళం ఉండదు.

ఆ లెక్కలో చాలామంది పొరపడే చోటు ఒకటుంది. బ్రిక్స్ బరువుకి బరువు లెక్క, మీ గొట్టం కొలిచింది ఘనపరిమాణం. నేరుగా గుణించేస్తే తప్పొస్తుంది, మధ్యలో సాంద్రతని కలపాలి. 10 బ్రిక్స్ దగ్గర సాంద్రత 1.038, 20కి 1.081, 30కి 1.127, 40కి 1.176, 50కి 1.230. పైన చెప్పిన 1.25 మైక్రోలీటర్లు 30 బ్రిక్స్ ఉందనుకుంటే, 0.30ని 1.127తో గుణిస్తే ఒక్కో మైక్రోలీటరులో 0.338 మిల్లీగ్రాములు, మొత్తం పువ్వులో 0.42 మిల్లీగ్రాములు. సాంద్రత మర్చిపోతే 0.375 వస్తుంది, పదోవంతు కన్నా ఎక్కువ పోయినట్టు. చిక్కదనం పెరిగేకొద్దీ ఈ తప్పు పెరుగుతూ పోతుంది కాబట్టి పక్షి పువ్వునీ తేనెటీగ పువ్వునీ పోల్చేటప్పుడు ఇంకా మోసం చేస్తుంది. శక్తి లెక్క కావాలంటే మిల్లీగ్రాముకి సుమారు 16.7 జౌళ్లు.

చిన్న పూలు

వేపపువ్వులో గొట్టం పెట్టి లాగితే ఏమీ రాదు, తెల్లటి కేసరాల గొట్టం లోపల తడి మాత్రమే ఉంటుంది. దీనికి రెండు దారులు. ఒకటి, వాట్‌మన్ నంబర్ 1 ఫిల్టర్ పేపర్‌ని సన్నటి కొస వచ్చేలా త్రికోణాలుగా కోసి, ఫోర్‌సెప్స్‌తో పట్టుకుని కొసని పువ్వు అడుక్కి తాకించడం. ఇరవై ముప్పై పూల తడిని ఒకే కాగితానికి పట్టించి, ఎన్ని పూలో రాసుకుని, నీడలో ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టేయండి. ఆరిన కాగితం చాలాకాలం నిలవుంటుంది, ఐస్ కోసం పరుగెత్తే టెన్షన్ ఉండదు, లోపలి అడవిలో రోజుల తరబడి ఉండేవాళ్లకి నేను ముందు చెప్పే పద్ధతి ఇదే. పరిమాణం, చిక్కదనం మాత్రం దీంతో తెలియవు, మొత్తం చక్కెరా పాళ్లూ మాత్రమే వస్తాయి. చేత్తో అస్సలు ముట్టుకోవద్దు, చెమటలో అమైనో ఆమ్లాలుంటాయి. ప్రతి రోజూ ఒక ఖాళీ కాగితాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, ఆరబెట్టి, మిగతావాటితోపాటే అన్ని దశలూ దాటించండి. దాని మీద ఎంత చక్కెర కనిపిస్తే అంత మీ చేతుల నుంచీ గాలి నుంచీ వచ్చిందన్నమాట.

రెండోది కడిగి తీయడం. మైక్రోపిపెట్‌తో 5 మైక్రోలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పువ్వులో వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ లాగేయాలి, ఇంకోసారి అలాగే చేసి రెండూ కలపాలి. కానుగకి, చిక్కబడిపోయిన కందికి ఇది బాగుంటుంది. వేసిన నీళ్లెన్ని, తిరిగి వచ్చినవెన్ని రెండూ రాయండి.

బత్తాయి తోటల్లో

నల్గొండ, హాలియా, దేవరకొండ వైపు బత్తాయి తోటల్లో పని సులువుగా కనిపిస్తుంది, చెట్లు పొట్టి, పూత గుత్తులు గుత్తులు. తెల్లటి రేకుల మధ్య అండాశయం కింద ఉంగరంలా ఉండే మెత్తటి చక్రం మీద మకరందం చెమ్మగిల్లి ఉంటుంది. కేసరాలు చుట్టూ కంచెలా ఉంటాయి కాబట్టి వాటిని ఫోర్‌సెప్స్‌తో పక్కకి జరిపి దారి చేసుకోవాలి. ముందు రోజే కేసరాలు తుంచేస్తే పని తేలికవుతుందని అనిపిస్తుంది కానీ ఆ గాయాల్లోంచి రసం కారుతుంది, వద్దు.

ఇక్కడ చెట్టు కన్నా ముందు రైతుతో మాట్లాడాలి. బత్తాయికి నీళ్లు ఆపి, చెట్టుని వాడబెట్టి, మళ్లీ నీళ్లిచ్చి పూత తెప్పిస్తారు. నీళ్లు పెట్టిన రోజుని బట్టి మకరందం మారుతుంది, ఆ తేదీ లేకపోతే రెండు తోటలని పోల్చలేరు. "అన్నా, నీళ్లు ఎప్పుడు పెట్టినవ్, మందు ఎప్పుడు కొట్టినవ్, ఏ మందు కొట్టినవ్" అని మూడూ అడిగి రాసుకోండి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క లోపలికి ఎక్కి మకరందంలోకి కూడా వస్తాయి, ఆకు మీద ఆరిపోయింది కదా అనుకోవడానికి లేదు. మీ ఆరోగ్యం కోసం, తోటలోకి వచ్చే తేనెటీగల లెక్క అర్థం కావడం కోసం ఇది తప్పనిసరిగా తెలియాలి. ఇంకో సంగతి, కాఫీ, నిమ్మజాతి పూల మకరందంలో చేదు తెలియనంత తక్కువ మోతాదులో కెఫీన్ ఉంటుందనీ, దానివల్ల తేనెటీగలకి ఆ పువ్వు వాసన ఎక్కువకాలం గుర్తుంటుందనీ 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. మన బత్తాయి మీద ఈ పని చేయాలనుకునేవాళ్లు చక్కెర శాంపిల్‌తోపాటే ఇంకో గొట్టం విడిగా తీసి ఫ్రీజ్ చేసుకోండి, కెఫీన్‌కి ఎల్‌సీ–ఎంఎస్ (అతి తక్కువ మోతాదులని కూడా పట్టే మిషన్) కావాలి.

దాచడం

మకరందం తీసిన క్షణం నుంచీ మారిపోతూనే ఉంటుంది. అందులో సహజంగానే సుక్రోజ్‌ని విడగొట్టే ఎంజైములు ఉండొచ్చు, తేనెటీగల ముక్కుల మీదుగా వచ్చిన ఈస్టులు కూడా ఉంటాయి. ఈస్టు పెరిగిన మకరందంలో సుక్రోజ్, గ్లూకోజ్ తగ్గి ఫ్రక్టోజ్ వాటా పెరుగుతుంది, మీరేమో అది మొక్క గుణమనుకుంటారు. అందుకే పరిమాణం, బ్రిక్స్ రెండూ రాసుకున్న వెంటనే మిగిలిన మకరందాన్ని కొలత తెలిసిన 70 శాతం ఇథనాల్‌లోకి వదిలేసి మూత బిగించి ఐస్‌లో పెట్టండి, రాత్రికి మైనస్ 20 ఫ్రీజర్‌లోకి వెళ్లిపోవాలి. కాలేజీ ఫ్రీజర్‌కి కరెంటు ఎన్ని గంటలు పోతుందో కూడా కనుక్కోండి. కొన్ని పూల నుంచి ఒక్కో చుక్కని స్లైడు మీద వేసి మైక్రోస్కోపు కింద చూస్తే మొగ్గలు వేస్తున్న ఈస్టు కణాలు తెలుస్తాయి, ఐదు నిమిషాల పని, రిపోర్టులో వింత పాళ్లు వచ్చినప్పుడు కారణం అక్కడ దొరుకుతుంది.

ల్యాబులో

మొత్తం చక్కెర మాత్రమే చాలనుకుంటే, చక్కెరతో కలిసి రంగునిచ్చే ఆంత్రోన్ అనే రసాయనం పద్ధతి ఏ బాటనీ ల్యాబులోనైనా చేయొచ్చు, పాలమూరు యూనివర్సిటీలో అయినా నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో అయినా స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే చాలు. కాగితాన్ని నీళ్లలో నానబెట్టి చక్కెర దింపి, ఆంత్రోన్ కలిపి వేడిచేసి 620 నానోమీటర్ల దగ్గర చదవాలి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతాం, గ్లవుజులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. ఫ్రక్టోజ్ మిగతావాటికన్నా తొందరగా రంగునిస్తుంది కాబట్టి అన్ని ట్యూబులనీ ఒకే టైమ్ వేడిలో ఉంచాలి.

అమైనో ఆమ్లాల అందాజా కోసం నిన్‌హైడ్రిన్, వాటితో కలిస్తే ఊదారంగునిచ్చే రసాయనం. మకరందం మీద పరిశోధన చేసిన హెర్బర్ట్ బేకర్, ఐరీన్ బేకర్ దంపతులు వాడిన హిస్టిడిన్ (ఒక అమైనో ఆమ్లం) స్కేలు ఇప్పటికీ పనికొచ్చేదే: 49 మైక్రోమోలార్ హిస్టిడిన్‌తో మొదలుపెట్టి ప్రతిసారీ రెట్టింపు చేస్తూ పది మెట్లు, చివరిది సుమారు 25 మిల్లీమోలార్. ఒకే కాగితం మీద ఆ పది చుక్కలూ, పక్కన మీ మకరందం చుక్కా పెట్టి ఊదారంగు ముదురుని పోల్చాలి. ప్రోలిన్ మాత్రం ఊదా ఇవ్వదు, పసుపు ఇస్తుంది, దాన్ని విడిగా రాసుకోండి.

చక్కెరల పాళ్లకి హెచ్‌పీఎల్‌సీ. ఇథనాల్‌ని తక్కువ వేడిలో ఎగరగొట్టి, శాంపిల్‌ని నీళ్లలో కరిగించి, 0.45 మైక్రాన్ ఫిల్టర్ దాటించి ఇవ్వాలి. అమైనో కాలమ్, అసిటోనైట్రైల్–నీళ్లు 75:25 చుట్టుపక్కల, రిఫ్రాక్టివ్ ఇండెక్స్ డిటెక్టర్, ఇది మామూలు సెట్టింగు. బయట ల్యాబుకి ఇచ్చేటప్పుడు మూడు చక్కెరల స్టాండర్డులు మీ శాంపిళ్లతో అదే రోజు నడిపించమని, ఆ గ్రాఫులు కూడా ఇవ్వమని ముందే అడగండి. ఫలితాల్లో సుక్రోజ్ 4.2, గ్లూకోజ్ 3.0, ఫ్రక్టోజ్ 3.1 వచ్చిందనుకుందాం. సుక్రోజ్‌ని మిగతా రెండింటి మొత్తంతో భాగిస్తే 0.69. బేకర్ల వర్గీకరణలో 0.1 లోపు ఉంటే హెక్సోజ్‌దే (గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ కలిపి) ఆధిపత్యం, 0.1 నుంచి 0.5 లోపు హెక్సోజ్ ఎక్కువ, 0.5 నుంచి 1 లోపు సుక్రోజ్ ఎక్కువ, ఆపైన సుక్రోజ్‌దే ఆధిపత్యం. మన పువ్వు మూడోదాంట్లో పడింది. కానీ చాలా పూల సగటు తీసేటప్పుడు ఈ నిష్పత్తుల సగటు తీయకండి, ఒక్క పువ్వులో హెక్సోజ్ తక్కువుంటే నిష్పత్తి ఆకాశానికి వెళ్లి సగటుని లాగేస్తుంది. మొత్తం చక్కెరలో సుక్రోజ్ ఎంత శాతం అన్నది వాడండి, ఇక్కడ 41 శాతం. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ దాదాపు సమానంగా ఉన్నాయా చూడండి. సుక్రోజ్ విడిపోతే రెండూ సమంగానే రావాలి, ఫ్రక్టోజ్ బాగా ఎక్కువుంటే ఈస్టు స్లైడు దగ్గరికి వెళ్లి చూడాలి.

నోట్‌బుక్కులో ఒక్కో పువ్వుకి ఒక్కో వరుస: చెట్టు నంబరు, పువ్వు నంబరు, విచ్చిన టైమ్, తీసిన టైమ్, సంచి ఉందా లేదా, గొట్టం సైజు, మిల్లీమీటర్లు, బ్రిక్స్, పరికరం ఉష్ణోగ్రత, గాలి తేమ, పుప్పొడి కలిసిందా, ట్యూబు నంబరు. మకరందం ఏమీ లేని పువ్వుకి కూడా వరుస ఉండాలి, సున్నా అని రాయాలి. ఖాళీగా వదిలేస్తే అది కొలవని పువ్వో, మకరందం లేని పువ్వో ఆర్నెల్ల తర్వాత తెలియదు. తోటలో అయితే ఇంకో రెండు గడులు గీసుకోండి, నీళ్లు పెట్టిన తేదీకి, మందు కొట్టిన తేదీకి.